45-70 రైఫిల్ గొట్టంలో సీసం అంటుకోవడం గురించి

నమస్కారమండీ. టెక్సస్‌లో అడవిపందుల వేటకు వాడే మీ 45-70 తూటా రైఫిల్‌లో, ఇంట్లో పోతపోసిన బుల్లెట్లు పది పేల్చేసరికి ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ముందు నాలుగు అంగుళాల మేర సీసం అంటుకుంటోందని, అందుకే బుల్లెట్ల సీసపు మిశ్రమాన్ని ఇంకా గట్టిపరచాలనుకుంటున్నారని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. మరక ఛాంబర్ వైపే ఉందంటే బుల్లెట్ గొట్టానికి సన్నమై, వేడి వాయువు దాని పక్కలనుంచి దూసుకుపోతూ సీసాన్ని కోసి గోడలకు పూస్తోందన్నమాట. అదే గొట్టం మూతి దగ్గరైతే బుల్లెట్‌కు పూసే గ్రీజు చాలడం లేదని అనుమానించేవాణ్ణి.

తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, నూనె రాసిన మెత్తని సీసపు ముక్కను గొట్టంలోంచి నెట్టి తీసి, గాళ్ల (గొట్టం లోపల మెలికగా చెక్కిన గాడుల) వ్యాసాన్ని మైక్రోమీటరుతో కొలవండి. 0.458 అంగుళాలు ఉండాల్సిన నా గొట్టం 0.459 తేలింది, 0.460 బుల్లెట్‌కు మారాక సీసం అంటడం ఆగిపోయింది. మరీ గట్టి బుల్లెట్ ఒత్తిడికి ఉబ్బి గాళ్లను మూయలేదు, పైగా ఎముక తగిలితే పగిలిపోవచ్చు. 1873లో అమెరికా సైన్యం ఈ తూటాను చేపట్టినప్పుడు వాడింది కూడా రాగితొడుగు లేని 405 గ్రెయిన్ల (సుమారు 26 గ్రాముల) సీసం బుల్లెట్టే.

కొత్త బుల్లెట్లు పేల్చేముందు గిన్నెలు తోమే రాగి పీచును బ్రష్షుకు చుట్టి పాత సీసమంతా తీసేయండి. ఆ పీచుకు అయస్కాంతం అంటుకుంటే అది రాగిపూత పూసిన ఇనుము కనుక వాడవద్దు.