జపాన్ నుంచి ఆరు కన్సోళ్లు తెచ్చి అమ్ముకోవచ్చా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జీతం చేతికి 72 వేలు వస్తుంది. కంపెనీ మూడు నెలలు టోక్యో పంపుతోంది. అక్కడ నింటెండో స్విచ్ 2 అనే వీడియో గేమ్ కన్సోల్ మన దగ్గరకంటే చాలా తక్కువకు దొరుకుతుందట. యాప్‌లో 2 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని (24 శాతం వడ్డీ, రెండేళ్లు) ఆరు తెద్దామనుకుంటున్నాను. ఒకటి నాకు, ఐదు ఫ్రెండ్స్‌కు. ఒక్కోదాని మీద 8 వేలు మిగులుతాయి. బ్యాంకులో 38 వేలు ఉన్నాయి. అమ్మానాన్న ఖమ్మంలో ఉంటారు, నాన్నకు షుగర్. ఇద్దరికీ నా ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది. లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దు.

ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి. ఒకరిది ఐఫోన్, ఇంకొకరిది దుబాయ్ బంగారం, మీది గేమ్స్. చవకగా దొరికే వస్తువు కోసం ఖరీదైన అప్పు చేయడం మాత్రం అందరిలోనూ ఉంది. అందుకే మీ లెక్కను నలుగురి ముందు వేస్తున్నాను.

2 లక్షలకు 24 శాతం చొప్పున రెండేళ్లకు ఈఎంఐ సుమారు 10,570 పడుతుంది. మొత్తం కట్టేది 2.54 లక్షలు, అంటే వడ్డీయే 54 వేలు. ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఐదు అమ్మితే మీకు మిగిలేది 40 వేలు. 'అమ్మగానే తీర్చేస్తాను కదా' అంటారు. ఈఎంఐ వచ్చే నెలే మొదలవుతుంది, మీరు తిరిగొచ్చేది మూడు నెలల తర్వాత. ఫ్రెండ్స్ ఏమో 'జీతం పడగానే ఇస్తా రా' అంటారు. అప్పుడు వాళ్ల ఇంటికెళ్లి అడగగలరా? ముందే క్లోజ్ చేస్తే ఎంత ఛార్జీ పడుతుందో ఆ యాప్ ఒప్పందంలో చదివారా?

ఇక ఆ చవక సంగతి. 2025 జూన్‌లో విడుదలైనప్పుడు స్విచ్ 2కు జపాన్‌లో పెట్టిన ధర 49,980 యెన్లు. యెన్‌ను 58 పైసలుగా వేసుకుంటే 29 వేలు. మీరు విన్నది ఈ ధరే అయ్యుంటుంది. కానీ అది జపనీస్ భాష మాత్రమే ఉన్న రకానిది. మెనూ మొత్తం జపనీస్, జపాన్ దేశం పెట్టుకున్న నింటెండో అకౌంట్లే దానికి పనికొస్తాయి. అన్ని భాషలూ ఉన్నది 69,980 యెన్లు, మన డబ్బుల్లో 40 వేల పైమాటే. అది కూడా షాపుల్లో కాదు, నింటెండో సొంత ఆన్‌లైన్ స్టోర్‌లో పెట్టారు. మీ ఐదుగురు ఫ్రెండ్స్‌లో జపనీస్ చదవగలిగేవాళ్లు ఎంతమంది? ప్లేస్టేషన్ 5లో 55,000 యెన్ల రకానిదీ ఇదే కథ. పది శాతం పన్ను మినహాయింపు మీద కూడా ఆశ పెట్టుకోకండి. అది టూరిస్టుల్లా కొద్దిరోజులకు వెళ్లేవాళ్లకు. పని వీసా మీద వెళ్తే రాదు.

దిగాక శంషాబాద్‌లో కస్టమ్స్ ఉంది. 2026 ఫిబ్రవరి దాకా ఉన్న 2016 బ్యాగేజీ నిబంధనల ప్రకారం సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది 50 వేల విలువ వరకే, ఆపైన సర్‌ఛార్జీతో కలిపి 38.5 శాతం ఉండేది. బయలుదేరే ముందు ఇప్పుడు పరిమితి, రేటు ఎంతున్నాయో ఒకసారి చూసుకోండి. ఆ పాత లెక్కతో వేస్తే ఆరు కన్సోళ్ల 1.74 లక్షలకు సుంకం 47 వేలు దాటేది. అసలు ఒకే రకం పెట్టెలు ఆరు కనిపిస్తే సొంతానికని ఎవరూ నమ్మరు. అమ్మకానికి తెచ్చిన సరుక్కు ఆ మినహాయింపు వర్తించదు.

వారంటీ సంగతీ ఉంది. నేనోసారి సింగపూర్ నుంచి మురిసిపోతూ ఓ కెమెరా తెచ్చాను. ఏడాది తిరక్కుండానే చెడిపోయింది. ఇక్కడి సర్వీస్ సెంటర్‌లో బిల్లు చూసి వెనక్కిచ్చేశారు. మీరు తెచ్చినవాటిలో ఒకటి పాడైతే ఫ్రెండ్ ఫోన్ చేసేది మీకే.

నాకు అసలు కోపం తెప్పించింది మాత్రం ఆ 38 వేలు. నెల ఖర్చు మీరు రాయలేదు. అద్దె, ఇంటికి పంపేది అన్నీ కలిపి 45 వేలనుకుంటే, ఆ డబ్బు ఒక నెలకు కూడా చాలదు. ఆరేళ్లో ఏడేళ్లో ఉద్యోగం చేసి ఉంటారు, ఆరు నెలల ఖర్చు 2.7 లక్షలు పక్కన ఉండాల్సిన మనిషి మీరు. టోక్యో నుంచి వచ్చాక ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టి, రెండు నెలలకు పంపించేస్తే? ఆఫీసు ఇన్సూరెన్స్ ఉద్యోగంతో పాటే పోతుంది. ఈఎంఐ పోదు, నాన్నగారి షుగర్ పోదు. అలాంటి రోజున ఖమ్మంలో ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడితే మీరు తెరిచేది మళ్లీ అదే లోన్ యాప్. మొదటి అప్పు తీరకుండా రెండోది, దాన్ని తీర్చడానికి మూడోది చేసి నా దగ్గరకు వచ్చినవాళ్లను చూశాను. మొదటి అప్పు తీసుకున్న రోజున వాళ్లూ మీలాగే ధీమాగా ఉన్నారు.

కాబట్టి టోక్యోలో కంపెనీ ఇచ్చే అలవెన్స్‌లో మిగిలేదంతా స్వీప్ ఎఫ్‌డీలో (అవసరమైనప్పుడు తీసుకోగలిగే ఫిక్స్‌డ్ డిపాజిట్) వేయండి. చిన్న రైస్ కుక్కర్, రెండు పచ్చడి సీసాలు పట్టుకెళ్తే ఇంకాస్త మిగులుతుంది. పొదుపు లక్షన్నర దాటాక, ఆపైన మిగిలిన దాంతో అన్ని భాషలూ ఉన్న కన్సోల్ ఒక్కటి మీకోసం కొనుక్కోండి, నేనేమీ అనను. బిల్లు హ్యాండ్ బ్యాగులో పెట్టుకోండి. టోక్యోలో ఎలక్ట్రానిక్స్ బజారైన అకిహబారాలో సెకండ్‌హ్యాండ్ గేమ్ కార్డులు కొంటే తప్పు లేదు. జపాన్‌లో కొన్న స్విచ్ కార్డు మన దగ్గరా ఆడుతుంది, ఇంగ్లీషు ఉందో లేదో మాత్రం చూసుకోండి. చెల్లించడానికి విదేశీ డబ్బు ముందే నింపుకునే ఫోరెక్స్ కార్డు మేలు. చాలా క్రెడిట్ కార్డులు విదేశీ కొనుగోలుపై 3.5 శాతం దాకా గుంజుతాయి, దానిపై జీఎస్టీ కూడా. ఫ్రెండ్స్‌కు కావాలంటే వాళ్లనే వెళ్లి తెచ్చుకోమనండి.

విమానం ఎక్కేలోపే అమ్మానాన్నలకు విడిగా 10 లక్షల హెల్త్ పాలసీకి దరఖాస్తు చేయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే వాటికి క్లెయిమ్ రాని కాలం, మూడేళ్ల దాకా ఉండొచ్చు. ఆ లెక్క ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. నాన్నగారి షుగర్ సంగతి, ఎప్పటినుంచి ఉంది, ఏ మాత్రలు వాడుతున్నారు అన్నీ ప్రపోజల్ ఫారంలో రాయండి. ఏజెంటు వద్దన్నా సరే.