నాజిరా వచ్చు, అర్థం రాదు: అరబీ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: చిన్నప్పుడు మక్తబులో (మసీదు బడిలో) నాజిరా, అంటే ఖుర్ఆన్‌ను చూసి చదవడం, పూర్తిచేశారు, ఖుర్ఆన్‌ను తడబడకుండా చదవగలరు, కానీ అర్థం తెలియదు. తెలుగు అనువాదాలు ఉండగా, ముప్పై దాటిన వయసులో ఉద్యోగం చేసుకుంటూ అరబీ నేర్చుకోవడం అవసరమా, అవసరమైతే ఎలా అని అడిగారు. నేనూ కడప జిల్లాలో అలాగే చదువుకుని, తర్వాత కువైట్‌లో పనిచేస్తూ సాయంత్రపు తరగతుల్లో అరబీ నేర్చుకున్నాను కనుక ఆ అనుభవంతో చెబుతున్నాను.

అనువాదం చదవడం మానవలసిన పని లేదు. అయితే నమాజులో మనం చదివేది అనువాదం కాదు. రోజుకు ఫర్జ్ (తప్పనిసరి) రకాతులే, అంటే నమాజులోని ఆవృతాలే, 17. అన్నిసార్లు అల్లాహ్ ఎదుట నిలబడి పలికే మాటలు ఏమిటో తెలియకుండా పలకడం కంటే తెలిసి పలకడం మేలన్నదే నాకు తోచిన మొదటి కారణం. ఇస్లామీ ధర్మశాస్త్ర పండితుడు ఇమాం షాఫిఈ కూడా ప్రతి ముస్లిమూ తన శక్తి మేరకు అరబీ నేర్చుకోవాలని రాశారు. అందరూ పండితులు కావాలని కోరలేదు. కనుక మీరు ఆలిం (మత పండితుడి) కోర్సు చేయలేరన్న సంకోచాన్ని పక్కన పెట్టవచ్చు.

ఒక జాగ్రత్త. సూరాలను (ఖుర్ఆన్ అధ్యాయాలను) తెలుగు లిపిలో అచ్చువేసిన చిన్న పుస్తకాల మీద ఆధారపడకండి. హృదయం అనే అర్థమిచ్చే మాట, కుక్క అనే అర్థమిచ్చే మాట రెండూ తెలుగు లిపిలో ‘కల్బ్’ అనే ఒకే రూపంలో కనిపిస్తాయి. ఉర్దూ వచ్చినవారికీ ఈ చిక్కు తప్పదు, ఎందుకంటే ఉర్దూ ఉచ్చారణలో సీన్, సాద్, సే అనే మూడు అక్షరాలూ ఒకే ధ్వనిగా కలిసిపోయాయి. మీకు నాజిరా వచ్చినా సరే, మఖ్రజ్‌లు (అక్షరాల ఉచ్చారణ స్థానాలు) సరిగా పలికే ఉస్తాద్ (గురువు) దగ్గర కొన్నాళ్లు నూరానీ ఖాయిదా అనే అక్షరాభ్యాస పుస్తకం మళ్లీ చదవండి. ఈ ఒక్క భాగం మాత్రం ఒంటరిగా నేర్చుకునేది కాదు. మన తప్పు మన చెవికి వినిపించదు.

ఆ తర్వాత నేరుగా వ్యాకరణ గ్రంథంలోకి దిగకుండా, మీకు ఇప్పటికే కంఠస్థమైన వాటినే పాఠంగా తీసుకోండి. అల్లాహు అక్బర్, అస్తగ్‌ఫిరుల్లాహ, బిస్మిల్లాహి అని రోజూ అంటూనే ఉంటాం. అల్లాహ్ అనే నామం చివర ఒకచోట ‘ఉ’, ఒకచోట ‘అ’, ఒకచోట ‘ఇ’ ఎందుకు వస్తున్నాయో ఎప్పుడైనా గమనించారా? తెలుగులో విభక్తి ప్రత్యయాలు చేసే పనిని అరబీలో ఎక్కువగా ఆ చివరి అచ్చే చేస్తుంది. నహ్వ్ (అరబీ వాక్య వ్యాకరణం) అని భయపెట్టే శాస్త్రంలో పెద్ద భాగం ఇదే. అలాగే ఖుర్ఆన్ మొదటి సూరా ఫాతిహాలో ‘నఅబుదు’, ‘నస్తఈన్’ అన్న క్రియలకు ముందున్న ‘న’ మేము అని చెబుతుంది, ‘ఇహ్దినా’ చివరి ‘నా’ మాకు, మమ్మల్ని అని చెబుతుంది, ‘ఇయ్యాక’లోని ‘క’ నిన్ను అని చెబుతుంది. ఆ ‘నా’యే ‘రబ్బనా ఆతినా’ అన్న దుఆలో (వేడుకోలులో) రెండుసార్లు, ఆ ‘క’యే నమాజు మొదట్లో చదివే స్తుతి అయిన సనాలోని ‘సుబ్‌హానక’లో మళ్లీ కనిపిస్తుంది. ఫాతిహా, నమాజులో కూర్చుని చదివే అత్తహియ్యాతు, దరూద్, చివరి పది సూరాలు ఇలా విడదీసి చదివితే, వ్యాకరణం పేరు ఎత్తకుండానే దాని పునాది పడుతుంది.

పదాల సంఖ్య చూసి బెదరకండి. ఖుర్ఆన్‌లో 77 వేలకు పైగా పదాలున్నా వాటి ధాతువులు రెండు వేలకు లోపే. ఇల్మ్, ఆలిం, ముఅల్లిం, మాలూం అన్నీ ఐన్, లాం, మీం అనే మూడక్షరాల నుంచి వచ్చినవే కదా. ఉర్దూ మాట్లాడే ఇంట్లో పెరిగినవారికి ఇలాంటి మాటలు వందల్లో ముందే తెలుసు.

ఈ దశ దాటాక క్రమమైన పాఠ్యపుస్తకం కావాలి. తమిళనాడులోని వానియంబాడిలో పుట్టి మదీనా ఇస్లామిక్ విశ్వవిద్యాలయంలో బోధించిన డాక్టర్ వి. అబ్దుర్రహీం, అరబీ మాతృభాష కానివారి కోసం మూడు భాగాలుగా రాసిన పాఠాలనే నేను చదివాను. ‘ఇది ఇల్లు, ఇది మసీదు’ అన్నంత తేలికగా మొదలై, మూడో భాగానికి వచ్చేసరికి చెమటలు పట్టిస్తాయి. మొదటి రెండు భాగాలు శ్రద్ధగా పూర్తిచేస్తే ఖుర్ఆన్‌లోని సరళమైన ఆయత్‌లు (వాక్యాలు) అనువాదం చూడకుండానే అందుతాయి. పట్టా కావాలనుకునేవారికి హైదరాబాదులో ఉస్మానియా, మనూ (మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ), ఇఫ్లూ (ఆంగ్ల, విదేశీ భాషల) విశ్వవిద్యాలయాల్లో అరబీ శాఖలున్నాయి. మీ అవసరానికి అంత దూరం వెళ్లనక్కరలేదని నా అభిప్రాయం.

గల్ఫ్‌కు వెళితే అరబీ దానంతటదే వస్తుందని మన ప్రాంతంలో చాలామంది నమ్ముతారు. అక్కడ వచ్చేది బజారు అరబీ. కువైట్ వీధిలో క్షేమం అడగడానికి ‘ష్లోనక్’ అంటారు, ఫుస్‌హాలో (ప్రామాణిక గ్రాంథిక అరబీలో) ‘కైఫ హాలుక’ అంటారు; ఏళ్ల తరబడి అక్కడే ఉండి ధారాళంగా బేరాలాడే నా సహోద్యోగులకు జుమా ఖుత్బా (శుక్రవారపు మసీదు ప్రసంగం) మాత్రం అర్థమయ్యేది కాదు, ఎందుకంటే అది ఫుస్‌హాలో ఉంటుంది. కాబట్టి ఊళ్లో ఉన్నందుకు మీరు వెనకబడినట్టు అనుకోవద్దు.

వేళ విషయానికొస్తే, ఆదివారం మూడు గంటల కంటే రోజూ ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత అరగంట ఎక్కువ పనిచేస్తుంది. ఏడాదికోసారి రంజాన్‌లో మీ పురోగతిని సరిచూసుకోండి: ఆ రాత్రి తరావీహ్‌లో (రంజాన్ రాత్రి నమాజులో) చదవబోయే పారాలోంచి (ఖుర్ఆన్ ముప్పై భాగాల్లో ఒకదానిలోంచి) రెండు మూడు పుటలు ముందుగా అర్థంతో చదివి వెళ్లి, ఇమాం చదువుతున్నప్పుడు ఎన్ని వాక్యాలు పట్టుకోగలిగారో చూసుకుంటే తర్వాత ఏం చదవాలో మీకే తెలుస్తుంది.