ఓవెన్ ముల్లు మాట నమ్మొద్దు

బుజ్జీ,

నిన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఎదురింటివాళ్ల నామకరణానికి మూడు కిలోల రెండంతస్తుల కేకు ఒప్పుకున్నావా? ఇంతవరకు చేసిందే నాలుగు అరకిలో కేకులు, అందులో ఒకటి నడుమ కుంగింది. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశా. తిట్టడానికే అయితే మీ అమ్మకు ఫోన్ చేసేదాన్ని.

ముందు ఆ కుంగిన కేకు సంగతి చూద్దాం. ఓవెన్ ముల్లు 180 డిగ్రీల దగ్గర పెట్టానన్నావు. పెట్టావు సరే, లోపల 180 ఉందని నీకెవరు చెప్పారు? నా మొదటి ఓటీజీలో, అదే చిన్న కరెంటు ఓవెన్లో, ముల్లు 180 చూపిస్తే లోపల 200 ఉండేది. అది తెలియక ఆర్నెల్లు పైన మాడిన, లోపల పచ్చిగా ఉన్న కేకులు చేసి, నా చేతికే రాదేమోనని ఏడ్చా. లోపల కమ్మీకి తగిలించే చిన్న ఓవెన్ థర్మామీటర్ దొరుకుతుంది, కొను. కొత్త మూసలూ క్రీము నాజిల్ సెట్లూ దాని తర్వాతే. పావుగంట ముందే వేడెక్కించు. కేకు పెట్టాక మొదటి ఇరవై నిమిషాలు తలుపు తెరవకు, అద్దంలోంచే చూడు.

రెండో కారణం మన ఊరే. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ నీళ్లు వంద డిగ్రీలకు కాదు, 97 దగ్గరే మరుగుతాయి. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి కేకులో గ్యాసు తొందరగా పొంగుతుంది. పిండి గట్టిపడేలోపే పొంగు అయిపోతే నడుమ కూలబడుతుంది. మద్రాసులో మీ మేనత్తకు చక్కగా కుదిరిన కొలత నీకు కుదరకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఆమె చెంచా బేకింగ్ పౌడర్ వేస్తే నువ్వు ముప్పావు చెంచా వేసి చూడు. ఒకసారికి ఒకటే మార్చు. నాలుగూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఆ దేవుడికి కూడా తెలియదు.

కప్పులు పక్కన పెట్టు, బుజ్జీ. కప్పుతో మైదా తీస్తే జల్లించి నింపినప్పుడు 110 గ్రాములు, డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150. అదే కప్పు, అదే చెయ్యి. ఇంట్లో తినేదానికి ఆ తేడా పర్లేదు, పిల్లలు ఎలాగూ తింటారు. కానీ డబ్బులిచ్చినావిడ పోయిన నెల తిన్న కేకే ఈ నెలా కావాలంటుంది. అదే రుచి, అదే మెత్తదనం. అమ్మడమంటే అదే, ఒకేలాంటిది పదిసార్లు చేయగలగడం. అందుకే ఒక తక్కెడ, ఒక నోటుబుక్కు పెట్టుకో. గ్రాములు, ఎన్ని నిమిషాలు, ఆ రోజు ఎండా వానా అన్నీ రాయి. నా పుస్తకంలో 2011 డిసెంబర్ పేజీలో "వెన్న రాయిలా ఉంది, గంటన్నర బయట పెట్టినా మెత్తబడలేదు" అని ఉంటుంది. చలికాలం వచ్చిందంటే ఇప్పటికీ ఆ పేజీ తీస్తా. వెన్నంటే గుర్తొచ్చింది, అమూల్ పసుపు డబ్బాలో ఉప్పుంటుంది. మళ్లీ ఉప్పు వేయకు.

ఎగ్‌లెస్ అడిగేవాళ్లు ఇక్కడ చాలామంది. శ్రావణ మాసమొస్తే గుడ్డు వేసిన కేకు అడిగేవాళ్లే ఉండరు. పెరుగు, వంటసోడాతో బాగా వస్తుంది. కప్పు మైదాకు పావు చెంచా సోడా మించితే సబ్బు వాసనొస్తుంది. పెరుగు తగలగానే సోడా బుసబుసమని పొంగడం మొదలుపెడుతుంది. అందుకని కలిపిన వెంటనే ఓవెన్లోకి వెళ్లాలి. అప్పుడు ఫోన్ మోగినా ఎత్తకు, నేను చేసినా సరే. గుడ్డు గిలక్కొట్టిన గిన్నె, బీటరు వేరు, ఎగ్‌లెస్‌వి వేరు. కడిగితే చాలదా అంటావు. నీకు చాలుతుంది. నమ్మి తినేవాళ్ల విషయంలో మనం తీర్పు చెప్పకూడదు. గుడ్డు వేసినదాని డబ్బా మీద పచ్చ చుక్క పెట్టకూడదు కూడా. మన చట్టం గుడ్డును మాంసాహారం కిందే లెక్కేస్తుంది, గోధుమరంగు త్రికోణం గుర్తు వేయాలి. జీడిపప్పు, వేరుశెనగ వేస్తే ఆ మాటా రాయి.

ఎఫ్ఎస్ఎస్ఏఐ, అదే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, దాని రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లోనే అవుతుంది, పెద్ద పని కాదు. నేను చేయించుకున్నప్పుడు ఏడాదికి వంద రూపాయలు కట్టా. వాళ్లిచ్చే పద్నాలుగంకెల నంబరు డబ్బా మీద వేసుకో. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు ముందే ఒక మాట చెప్పు, లేకపోతే లిఫ్టు దగ్గర మొదలవుతుంది గొడవ.

ఇక ధర. దీని మీదే నాకు నీతో గట్టిగా మాట్లాడాలనుంది. మొదటి ఏడాది అరకిలో చాక్లెట్ కేకు 300కు ఇచ్చేదాన్ని. అందరూ "ఎంత చౌకమ్మా!" అంటే పొంగిపోయేదాన్ని. ఒక ఆదివారం మీ పెదనాన్న లెక్క రాశారు. సరుకులు 185, డబ్బా, అట్ట, కత్తి, కొవ్వొత్తి కలిపి 40, కరెంటు 15, ఆటో 45. మిగిలింది పదిహేను రూపాయలు, మూడు గంటల పనికి! ఆయన ఏమీ అనలేదు, కాగితం ఫ్రిజ్ మీద అతికించి పోయారు. అది చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. నీ చేతి పనికి గంటకింతని ముందే వేసుకో. సగం డబ్బు ముందు తీసుకో, చుట్టాలైనా సరే. నాకు తెలిసిన ఒక అంగడాయన నా బిస్కట్లు మూడు నెలలు అమ్ముకుని, చివరికి "పోయిన వారం కొన్ని మెత్తబడ్డాయక్కా" అని సగం లెక్క ఎగ్గొట్టాడు. అప్పుకిచ్చిన తప్పు నాదే అనుకో.

వీధి చివర అయ్యంగార్ బేకరీతో ధరలో పోటీ పడకు. హాసన్ వైపు నుంచి వచ్చినవాళ్లు తరతరాలుగా చేస్తున్న పని అది. వి.వి.పురంలో వీబీ బేకరీ 1953 నుంచి ఉంది. కారా బన్ను, దిల్‌పసంద్, తేనె కేకు వాళ్ల దగ్గరే కొనుక్కుని తిను, నేనూ అదే చేస్తా. వాళ్లు బస్తాల్లో మైదా కొంటారు, నువ్వు ప్యాకెట్లలో. వాళ్ల దగ్గర లేనివి రెండే రెండు పట్టుకో. నా సలహా అడిగితే రాగి బిస్కట్లు, ఎగ్‌లెస్ చాక్లెట్ కేకు. రాగిపిండిలో జిగురు ఉండదు, ఒట్టి రాగితో చేస్తే చేతిలోనే పొడైపోతాయి. మూడో వంతు గోధుమపిండి కలుపు. రాగిపిండి ముందు సన్నమంట మీద వేయించు, పచ్చివాసన పోతుంది. బాగా చల్లారాకే డబ్బాలో పెట్టు. ఇవి కొరియర్‌లో పోతాయి, రోడ్డు మీది హంపులకు విరగవు.

హంపులన్నాను కదా. మారతహళ్లికి పంపిన నా మొదటి రెండంతస్తుల కేకు ఏప్రిల్ ఎండలో, ఆటోలో, ఎన్నో హంపు దగ్గరో పై అంతస్తు పక్కకు జారింది. ఆ పాప మొదటి పుట్టినరోజు. వాళ్లమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు, అదే ఇంకా బాధ. కింది కేకులోకి స్ట్రాలు గుచ్చి, వాటి మీద అట్ట పెట్టి పైది నిలబెట్టాలని నాకు అప్పటికి తెలియదు. స్పాంజి ముందురోజే చేసి, చల్లారాక చుట్టిపెట్టి మర్నాడు కొయ్యాలనీ తెలియదు. క్రీము ఫ్రీజర్లోంచి తీసి ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలి, బయట పెడితే గిలక్కొట్టినా నిలబడదు. రెండంతస్తులది వాళ్లనే వచ్చి తీసుకెళ్లమను. కరెంటు పోతుందనీ గుర్తుపెట్టుకో. ఇంటి ఇన్వర్టర్ 2000 వాట్ల ఓవెన్ను మోయలేదు. పెద్ద ఆర్డరు రోజు తెల్లారి లేచి కాల్చెయ్.

పద్ధతిగా నేర్చుకోవాలనుంటే హెబ్బాళలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల బేకరీ శిక్షణ ఉంది, కనుక్కో.

ఇంకొకటి. నీ కొడుకు పోయినసారి కేకు చూసి "ఇది మనకా, వాళ్లకా?" అని అడిగాడు, నువ్వు గమనించలేదు. నా కొడుకు, మీ అన్న కూడా ఆ వయసులో అదే అడిగేవాడు. అప్పట్నుంచి నేను ఆదివారం ఆర్డర్లు ఒప్పుకోవడం మానేశా. ఆ రోజు ఓవెన్ ఇంటివాళ్లది, అరటిపండు కేకో, ఏదో ఒకటి. మిగతా రోజుల్లో కోసేసిన అంచులు వాళ్లవి.

ఎదురింటావిడకు రేపే ఫోన్ చెయ్. కిలో కేకు ఒకటి, చిన్న కప్పు కేకులు ముప్పై ఇస్తానని చెప్పు. చూడ్డానికి నిండుగా ఉంటుంది, పంచడానికీ వీలు. ఒప్పుకోకపోతే వదిలెయ్, ఎదురిల్లు ఎక్కడికీ పోదు. శనివారం పొద్దున నువ్వు హనుమంతనగర్ వచ్చెయ్, కప్పు కేకులు ఒక విడత కలిసి కాలుద్దాం. వచ్చేటప్పుడు పోయిన దసరాకు నా దగ్గర పట్టుకుపోయిన ఏడంగుళాల గిన్నె తీసుకురా. అది నాకు కావాలి.

మీ పెద్దమ్మ