మొదటి ఐవీఎఫ్ ఫెయిలైంది, లోపం నాలోనే ఉందా?

మీకు 31 ఏళ్లు, పెళ్లయి నాలుగేళ్లయింది, పోయిన నెల మొదటి ఐవీఎఫ్ (అండాన్నీ వీర్యకణాన్నీ ల్యాబ్‌లో కలిపి, పిండాన్ని గర్భాశయంలో పెట్టడం) ఫెయిలైంది, అత్తగారింట్లో అందరూ మిమ్మల్నే అంటున్నారు. వెంటనే రెండోసారికి వెళ్లాలా అని అడిగారు. నేను డాక్టర్‌ని కాను, ఇదే బాధ మూడేళ్లు పడ్డదాన్ని. మీరు ఇంత వివరంగా రాశారు గానీ, మీవారి రిపోర్ట్ గురించి ఒక్క ముక్క లేదు. ముందు దాని సంగతి చూడండి.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. నాకు పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాకపోవడం, నెలసరి నలభై ఐదు రోజులకోసారి వచ్చేది. ఇంకేముంది, అందరి చూపూ నా మీదే. రెండేళ్లు మాత్రలు, అండం ఎదుగుదల చూసే ఫాలిక్యులర్ స్కాన్లు, మూడు ఐయూఐలు (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి ఎక్కించడం). మా ఆయనకు మొదట్లో ఒక్కసారి వీర్య పరీక్ష చేసి, "కౌంట్ కొంచెం తక్కువ, పర్వాలేదు" అని కాగితం ఫైల్లో పెట్టేశారు. ఆ కాగితం మళ్లీ ఎవరూ తీయలేదు, మేమూ అడగలేదు. మొదటి ఐవీఎఫ్ ఫెయిలయ్యాక ఇంకో డాక్టరమ్మ ఆయన్ని యూరాలజిస్ట్ దగ్గరికి పంపితే వెరికోసిల్ బయటపడింది. వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బిపోవడం అన్నమాట. అన్నేళ్లలో ఒక డాక్టర్ ఆయన్ని స్వయంగా పరీక్షించింది అదే మొదటిసారి. ఆ రోజు ఆటోలో ఇంటికి వస్తూ నేను కూకట్‌పల్లి దాకా ఏడుస్తూనే ఉన్నాను.

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందికి మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. ఒక్కోసారి అదొక్కటే, ఒక్కోసారి ఆడవారి సమస్యతో కలిసి. వీర్య పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉండాలి, తేడా వస్తే మళ్లీ చేయించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం మిల్లీలీటర్‌కు 1.6 కోట్ల వీర్యకణాలు, వాటిలో కదిలేవి 42 శాతం కనీస హద్దు. అంతకంటే తక్కువైతే పిల్లలు పుట్టరని కాదు, వెతకాల్సింది ఉందని. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి సిగరెట్ మానినా, ఆపరేషన్ చేయించుకున్నా ఫలితం మూడు నెలల తర్వాతే కనిపిస్తుంది. జిమ్‌లో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటుంటే తప్పకుండా చెప్పమనండి, అవి వీర్యకణాల తయారీనే ఆపేస్తాయి.

మీ వైపు థైరాయిడ్, ట్యూబులు (అండం గర్భాశయానికి చేరే నాళాలు), ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరగడం) చూశారా అడగండి. మన దేశంలో టీబీ వల్ల ట్యూబులు మూసుకుపోవడం కూడా ఉంది. ఏఎంహెచ్ అనే హార్మోన్ రక్తపరీక్షలో తక్కువ వచ్చిందని హడలిపోకండి, అది అండాలు ఎన్ని ఉన్నాయో అంచనా వేస్తుంది గానీ ఎంత మంచివో చెప్పదు.

ఇక ఫెయిలైన సైకిల్ గురించి. అండాలు బయటికి తీసే ఎగ్ పికప్ రోజున నాకు పదకొండు అండాలు వచ్చాయనగానే మా అమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. వాటిలో పక్వమైనవి ఎనిమిది, ఫలదీకరణ అయినవి నాలుగు, ఐదో రోజుకి పిండంగా మిగిలింది ఒక్కటే. అదీ నిలవలేదు. ఇలా తగ్గిపోవడం సహజమని నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే అంతగా కుంగిపోయేదాన్ని కాదు. మీకు ఏ దశలో తగ్గాయో ల్యాబ్ కాగితంలో ఉంటుంది, అడిగి తీసుకోండి. రెండోసారి ఏం మార్చాలో డాక్టర్ దాన్ని చూసే చెప్పగలరు. అది చూడకుండా "మళ్లీ ట్రై చేద్దాం" అంటే ఒప్పుకోకండి.

ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని గర్భాశయంలో పెట్టడం) తర్వాత లేచి తిరిగారు కాబట్టే పోయిందని ఎవరన్నా అంటే నమ్మకండి, మంచం దిగకుండా ఉంటే నిలుస్తుందన్నది నిజం కాదు. నన్నూ అన్నారు. గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా రక్తపరీక్ష రిపోర్ట్ వచ్చిన వారంలోనే మరదలి సీమంతం. వెళ్లాను, "విశేషం ఏమైనా ఉందా" అని ముగ్గురు అడిగారు. ఇప్పుడైతే వెళ్లను. మీకూ వెళ్లాలనిపించకపోతే వెళ్లకండి, మీవారినే ఫోన్ చేసి చెప్పమనండి.

డబ్బు సంగతి: మా ఆరోగ్య బీమా పాలసీ ఒక్క రూపాయి ఇవ్వలేదు, మొదటిసారి మందులతో కలిపి రెండు లక్షలు దాటింది. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ సెంటర్ తెరిచారు, అక్కడ కనుక్కోండి. ప్రైవేటుకి వెళ్తే ఐవీఎఫ్ లాంటి చికిత్సలకు వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసి, మందులు, పిండాల ఫ్రీజింగ్ కలిపి మొత్తం ఎంతో రాయించుకోండి.

మేం ఆయనకు ఆపరేషన్ చేయించి, ఐదు నెలలు ఆగి రెండోసారి వెళ్లాం. ఈసారి మూడు ఎంబ్రియోలు (పిండాలు) ఫ్రీజ్ చేశారు. మొదటిది నిలవలేదు, రెండోది మా పాప. ఆపరేషన్ వల్లే అని నేను చెప్పలేను, పాపం మా డాక్టరమ్మ కూడా చెప్పలేదు.

ఈ వారం మీవారిని యూరాలజిస్ట్‌కి చూపించండి, మీరూ పక్కనే కూర్చోండి. రిపోర్ట్ వచ్చాక ఇక్కడే రాయండి, నేను చూస్తాను.