సెన్సర్ పదేపదే పాడైతే కారునే మార్చి ఇమ్మని కోరవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. 14 నెలల క్రితం 9 లక్షల రూపాయలకు కొత్త పెట్రోలు కారు కొన్నాను. ఇప్పటికి మూడుసార్లు సైలెన్సర్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ పాడైంది. రెండుసార్లు వారంటీ కింద మార్చారు. ఇప్పుడు కల్తీ పెట్రోలే కారణమంటూ డబ్బు కట్టమంటున్నారు. కారునే మార్చి ఇమ్మని కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు గాని, ఆ ఒక్క కోరికనే నమ్ముకుంటే మీ కేసు బలహీనపడుతుంది. క్లచ్ లోపం గల కారు విషయంలో 2006లో సుప్రీంకోర్టు, పాడైన భాగాన్ని మార్చి ఇస్తామని మాత్రమే వారంటీ చెబుతున్నప్పుడు మొత్తం కారును మార్చమనడం సరికాదని తీర్పు చెప్పింది.

మీ అసలు బలం వేరే చోట ఉంది. ఇంజిన్ ఆయిల్ మండినా, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ లోపలికి కారినా, పెట్రోలు మోతాదు మించి మసి పట్టినా, సెన్సర్‌ను వేడిచేసే హీటర్ వైరులో లోపమున్నా కొత్త సెన్సర్ కూడా పాడవుతుంది. కాబట్టి మూలకారణాన్ని వెతకకుండా సెన్సర్ ఒక్కటే మార్చి పంపడం, నా అభిప్రాయంలో, వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) చెప్పే సేవాలోపమే. పెట్రోలు కల్తీ అన్నవారే దానిని రుజువు చేయాలి. ట్యాంకు నుంచి నమూనా తీశారా, పరీక్ష నివేదిక ఏదని లిఖితపూర్వకంగా అడగండి.

మూడు జాబ్ కార్డులను, స్కానర్ రిపోర్టులను, పెట్రోలు బిల్లులను భద్రపరచండి. తీసివేసిన సెన్సర్‌ను పరీక్ష పూర్తయ్యే వరకు పారవేయవద్దని కూడా రాసి ఇవ్వండి, ఎందుకంటే దానిపై ఉన్నది నల్లని మసా, తెల్లని పూతా అన్నదే నిపుణుడికి చాలా చెబుతుంది. లోపాన్ని పరీక్షించనిదే తేల్చలేని పక్షంలో అదే చట్టంలోని సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషనే ప్రయోగశాలకు పంపగలదు. ఆ రుసుమును ముందుగా మీరే కట్టాలి.

కంపెనీ ప్రధాన కార్యాలయం ఎక్కడున్నా, మీ నివాసం ఇక్కడే గనుక డీలరును, తయారీదారును కలిపి విశాఖపట్నం జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. మీ కారు ధరకు దాఖలు రుసుము 200 రూపాయలు. కారణాన్ని కనుగొని ఉచితంగా సరిచేయాలని, నష్టపరిహారం, ఖర్చులు ఇప్పించాలని ప్రధానంగా కోరండి. కారు మార్పిడిని ప్రత్యామ్నాయంగా చేర్చండి. ఫిర్యాదుకు గడువు వివాద కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు. మీరు ఉత్తరాలు రాస్తూ ఉన్నంత మాత్రాన అది పెరగదు.

ఈలోగా ఆటోనగర్‌లో బయటి మెకానిక్ చేత సెన్సర్ వైర్లను విప్పించవద్దు. వారంటీని నిరాకరించడానికి అదే వారికి సాకు అవుతుంది.