భుజం ఆపరేషన్ తర్వాత ఒక కంటిరెప్ప వాలి, కంటిపాప చిన్నదైతే పక్షవాతమేనా?

చాలాసార్లు కాదు, భుజానికి మత్తు ఇవ్వడానికి మెడ దగ్గర వేసిన ఇంజెక్షన్ మందు పక్క నరాలకు పాకితే అలా అవుతుంది, దీన్నే హార్నర్ సిండ్రోమ్ అంటారు. పాపను విప్పే, రెప్పను కాస్త ఎత్తి పట్టే సింపథెటిక్ నరాలు ఛాతీ పైభాగం నుంచి మెడ మీదుగానే కంటికి వెళ్తాయి. మత్తు దిగాక, సాధారణంగా ఒక రోజులోపు, కన్ను మామూలవుతుంది.

గాజువాకలో బైక్ మీంచి పడిన ఒకాయనకు కుడి భుజం ఆపరేషన్ అయిందనుకుందాం. సాయంత్రానికి కుడి రెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు వాలింది. ఇంట్లోవాళ్లకు టెన్షన్ సహజమే. వార్డులో లైటు ఆర్పి చూస్తే ఎడమ పాప వెంటనే విచ్చుకుంటుంది, కుడిది నెమ్మదిగా, అదీ కొంచెమే. డాక్టర్లు పట్టుకునే ఆనవాలు ఇదే. రోజులు గడిచినా తగ్గకపోతే పరీక్ష కోసం కంట్లో అప్రాక్లోనిడిన్ అనే మందు చుక్కలు వేస్తారు. చిన్న పాప పెద్దదైతే హార్నరే. మొదటి రోజుల్లో మాత్రం ఈ చుక్కల ఫలితాన్ని నమ్మలేం.

పెద్దగా కనిపించే పాపదే జబ్బని చాలామంది పొరబడతారు. తేడా చీకట్లో పెరిగితే లోపం చిన్న పాపది, వెలుగులో పెరిగితే పెద్దదానిది. మూతి వంకరపోయినా, మాట తడబడినా, మెడలో హఠాత్తుగా నొప్పి మొదలైనా మాత్రం ఆగకుండా డాక్టర్‌కి చెప్పాలి.