ఫోన్‌లో చెల్లింపులు పెరిగితే బ్యాంకు లాభాలు పెరుగుతాయా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. కిరాణా కొట్టు నడుపుతున్నాను. అమ్మకాల సొమ్ము చాలావరకు ఫోన్‌లోనే వస్తోంది, బ్యాంకుకు వెళ్ళే పని ఉండడం లేదు. ఖర్చు తగ్గి బ్యాంకుల లాభాలు పెరుగుతాయి కదా, అమ్మాయి పెళ్ళికి దాచిన 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి మా బ్యాంకు షేర్లు కొనవచ్చా? పెళ్ళి రెండేళ్ళలో చేయాలి.

జవాబు: మీ అంచనాలో కొంత నిజం ఉంది. కౌంటరు దగ్గర జరిగే పని ఫోన్‌లో పూర్తయితే బ్యాంకుకు ఖర్చు తగ్గుతుంది. అయితే 2020 జనవరి 1 నుంచి, బ్యాంకు ఖాతా నుంచి జరిగే యూపీఐ చెల్లింపులపై వ్యాపారి దగ్గర రుసుము తీసుకోవడానికి వీల్లేదు. మీ కొట్లో ఒకరు 30 రూపాయల పాల ప్యాకెట్టు కొని స్కాన్ చేస్తే, ఆయన బ్యాంకూ మీ బ్యాంకూ సర్వర్ల ఖర్చు భరిస్తాయే గాని మీ నుంచి వాటికి పైసా రాదు. చిన్న వ్యాపారులకు అందే 2,000 రూపాయల లోపు చెల్లింపులపై 2024-25కు కేంద్రం ప్రకటించిన ప్రోత్సాహకం 0.15 శాతం, ఆ పాల ప్యాకెట్టుపై అది నాలుగున్నర పైసలు, దాన్నీ బ్యాంకులు, చెల్లింపు యాప్‌లు వంటి పలు సంస్థలు పంచుకోవాలి.

బ్యాంకుకు అసలు ఆదాయం బ్యాంకు తక్కువ వడ్డీ ఇచ్చే, ఖాతాల్లో నిలిచే చౌక నిల్వల నుంచి, సక్రమంగా తిరిగివచ్చే అప్పుల నుంచి వస్తుంది. పగలంతా మీ ఖాతాలో చేరిన సొమ్మును రాత్రికి పాతపట్నం హోల్‌సేల్ వ్యాపారికి పంపేస్తే, లావాదేవీలు ఎన్ని జరిగినా మీ బ్యాంకు దగ్గర నిలిచేది తక్కువే. పొదుపు ఖాతాలో ఊరకే పడి ఉండే డబ్బు మ్యూచువల్ ఫండ్లకు తరలిపోవడాన్ని కూడా ఇదే ఫోన్ సులభం చేసింది. సాంకేతిక లోపాల మూల్యమూ ఎక్కువే: 2024 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు కోటక్ మహీంద్రా బ్యాంకును ఆన్‌లైన్‌లో కొత్త ఖాతాదారులను చేర్చుకోకుండా నిలిపివేసింది; ఆ ఆంక్ష 2025 ఫిబ్రవరి దాకా కొనసాగింది.

కాబట్టి యాప్ వాడకాన్ని చూసి షేరు కొనకండి. అయిదేళ్ళ వార్షిక నివేదికలు తీసి, మొత్తం డిపాజిట్లలో కరెంటు, పొదుపు ఖాతాల వాటా, ఆదాయంలో నిర్వహణ ఖర్చు, మొండి బాకీల శాతం ఎటు నడుస్తున్నాయో చూడండి.

అవన్నీ బాగున్నా సరే, పెళ్ళి డబ్బును మాత్రం షేర్లలో పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. రెండేళ్ళలో మార్కెట్టు పడితే ముహూర్తం ఆగదు. షేర్లపై ఆసక్తి ఉంటే, కనీసం ఏడేళ్ళు అవసరపడని మిగులు నుంచి, ఒకే బ్యాంకుకు పరిమితం కాకుండా కొద్దికొద్దిగా పెట్టండి. ఇక డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో వ్యక్తికి వడ్డీతో కలిపి 5 లక్షల వరకే వర్తిస్తుంది. కొట్టు మీ ఒక్కరి యాజమాన్యంలో ఉంటే దాని ఖాతా నిల్వ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. మొత్తం ఆ పరిమితి దాటుతుంటే, పై సొమ్మును మరో బ్యాంకులో డిపాజిట్ చేయండి.